ఇంటి గోడ పక్కన తూజా మొక్కలు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి: మందు కొట్టాలా, పీకేయాలా?

ఇంటిముందు_పచ్చన | ఏప్రిల్ 6, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది హైదరాబాదులో బోడుప్పల్ వైపు, ఇండిపెండెంట్ ఇల్లు. పడమటి గోడకీ ప్రహరీకీ మధ్య మూడడుగుల సందులో ఆరు తూజా మొక్కలు వరసగా వేశాం (నర్సరీలో మోర్‌పంకి అన్నారు). గృహప్రవేశం నాటివి. ఇప్పుడు నా ఎత్తు ఉన్నాయి. ఉగాది దాకా బాగానే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే మూడు మొక్కలు గోధుమ రంగుకి తిరిగిపోతున్నాయి. ముట్టుకుంటే ఆకు పొడిపొడిగా రాలుతోంది.

నీళ్ళు రోజూ సాయంత్రం పైపుతో పోస్తాం. సంక్రాంతికి తలా గుప్పెడు వర్మీకంపోస్టు వేశాం, అంతే. ఫోటోలు నాలుగు పెట్టాను. మా ఆయన పీకేసి టైల్స్ వేయిద్దామంటున్నారు. అంతకుముందే ఎవరైనా దారి చెప్పండి.

---

గుంటూరు_మిర్చి | ఏప్రిల్ 6, ఉదయం 8:32

ఫంగసండీ ఇది, చూడగానే తెలిసిపోతోంది. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి ఉంటుంది కదా, లీటరుకి 2 గ్రాములు కలిపి కొట్టండి. దాంతోపాటు మోనో కూడా కలిపేయండి, పురుగున్నా పోతుంది. వారం ఆగి ఇంకోసారి. మా మిరపకి ఇంతే.

---

ఎర్రనేల | ఏప్రిల్ 6, ఉదయం 9:15

మిర్చి గారూ, కాస్త ఆగండి. పడకగది కిటికీ పక్కన మోనోక్రోటోఫాస్ కొట్టమని ఎవరికీ చెప్పకండి. 2023లో కేంద్రం నిషేధపు ఉత్తర్వు ఇచ్చిన మందుల్లో అదీ ఉంది. పాత కరపత్రాల్లో నల్లికి (ఆకు రసం పీల్చే సన్నటి జీవి) రాసే డైకోఫాల్ కూడా అదే ఉత్తర్వులో పోయింది.

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, అనంతపురం. ఫోటో చూసి రోగం పేరు చెప్పడం నాకు చేతకాదు. ఆకు గోధుమ రంగుకి తిరగడం రోగం కాదు, రోగ లక్షణం. నీళ్ళు అందకపోయినా, ఎక్కువై వేరు కుళ్ళినా, ఉప్పు పట్టినా, వేడిగాలి కొట్టినా, నల్లి పీల్చినా చివరికి ఆకు ఆ రంగుకే వస్తుంది. తేడా అంతా ఆ రంగు ఎక్కడ మొదలైందన్న దాంట్లోనే ఉంటుంది. అందుకని ముందు ఇవి చెప్పండి.

మొక్కలకి రోడ్డు వైపు నుంచి 1, 2, 3 అని నంబర్లు వేసుకోండి. చెడినవి పక్కపక్కనే ఉన్నాయా, విడివిడిగానా? ఒక్కో దాంట్లో రంగు మారింది కొమ్మ చివర్లలోనా, కాండం దగ్గర లోపలి వైపా? చుట్టూరానా, ఒక పక్కే? పైనుంచి దిగుతోందా, కిందనుంచి ఎక్కుతోందా? మొక్క దగ్గర గోడకి ఏమేం బిగించి ఉన్నాయి? పైన సజ్జ ఉందా?

---

జీవామృతం108 | ఏప్రిల్ 6, ఉదయం 10:02

రసాయనాల జోలికి పోకండి మేడం. దేశీ ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండితో జీవామృతం చేసి పదిరోజులకోసారి మొదట్లో పోయండి. నేలలో జీవం ఉంటే మొక్క తనంతట తనే తేరుకుంటుంది.

---

పాలమూరోడు | ఏప్రిల్ 6, ఉదయం 10:40

మేడం, ఫోటో రెండుల ఎనక ఏసీ డబ్బా కనవడ్తున్నది. గా గాలి సక్కగ చెట్టు మీదికే కొడ్తున్నట్టుంది కదా. మా అక్క ఇంట్ల గిట్లనే అయింది. ఏసీ దిక్కున్న పక్క మొత్తం ఎండింది, అవతలి పక్క పచ్చగనే ఉండె.

ఇంకోటి. ఈ మధ్యల ఇంటికి రంగులేసిండ్రా? టైల్స్ ఆసిడ్ పెట్టి కడిగిండ్రా? గా నీళ్ళు పాదులకి వోతే ఏ మందు కొట్టినా ఫాయిదా ఉండది.

---

ఇంటిముందు_పచ్చన | ఏప్రిల్ 6, మధ్యాహ్నం 2:20

ఎర్రనేల సార్, మీరడిగినట్టే వెళ్ళి చూసొచ్చాను. ఇంతకుముందు "మూడు మొక్కలు పోయాయి" అని చూశానే గానీ, ఒక్కోటీ ఒక్కోలా ఉందని ఇప్పుడే తెలిసింది.

చెడినవి 1, 3, 5. పక్కపక్కన లేవు.

1వది గేటు దగ్గరిది. పూర్తిగా ఎండలేదు గానీ చెట్టంతా దుమ్ము పట్టినట్టు, వెలిసిపోయినట్టు ఉంది. మా ముందు ప్లాటులో ఇల్లు కడుతున్నారు, ఇసుకా సిమెంటూ అక్కడే కలుపుతున్నారు.

3వది వంటింటి కిటికీ కింద. చుట్టూరా కొమ్మల చివర్లు మాడాయి, పైభాగం పలచబడింది. ఇదే ఎక్కువ పాడైంది.

5వది పాలమూరోడు గారు చెప్పినదే. పిల్లల గది ఏసీ బయటి యూనిట్ దానికి ఎదురుగా ఉంది, రెండడుగుల దూరం కూడా లేదు. ఆ పక్కే కరకరలాడుతోంది. ప్రహరీ వైపు పచ్చగా ఉంది.

మిగతా మూడింట్లో కూడా లోపల కాండం దగ్గర ఎండుటాకు ఉంది. అది కూడా రోగమేనా? సజ్జ రెండడుగులు ముందుకి ఉంది. రంగులు వేయలేదు, ఆసిడ్ వాడలేదు.

---

జెర్సీ_మామిడి | ఏప్రిల్ 6, సాయంత్రం 6:55

నేను న్యూజెర్సీ నుంచి. లోపలి ఆకు గురించి కంగారు పడకండి. ఈ జాతి మొక్కలన్నీ వెలుతురు తగలని పాత ఆకుని లోపల వదిలేసుకుంటాయి. ఇక్కడ అక్టోబరు వచ్చిందంటే మా వాళ్ళ గ్రూపుల్లో "మా ఆర్బర్‌వైటీ చచ్చిపోతోంది" అని (తూజాని ఇక్కడ అలాగే అంటారు) ఫోటోల వరద. కొత్తగా ఇల్లు కొన్న ప్రతివాళ్ళూ కంచెకి ఎమరాల్డ్ గ్రీన్ అనే తూజా రకం వేస్తారు, ప్రతివాళ్ళూ మొదటి ఏడాది ఇలాగే భయపడతారు.

మా దగ్గర అసలు దెబ్బ చలికాలంలో. నేల గడ్డకట్టి వేరు నీళ్ళు తాగలేదు, పైన చలిగాలికి ఆకులో నీళ్ళు ఆవిరవుతూనే ఉంటాయి. మార్చికి గాలి వైపు మాడి కనిపిస్తుంది. ఏసీ సంగతి చదవగానే మా పక్కింటివాళ్ళది గుర్తొచ్చింది. బట్టలారబెట్టే మెషీన్ గొట్టం బయటికి వచ్చేచోట పొద మీద గుండ్రంగా ఒక మచ్చ. వాళ్ళు రెండేళ్ళు ఫంగస్ మందు కొట్టారు పాపం.

ఇక్కడైతే కొమ్మ తుంచి రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబుకి పంపితే ఫీజు తీసుకుని పరీక్షచేసి చెప్తారు. మీ దగ్గర ఉద్యాన యూనివర్సిటీ ఉంది కదా?

---

ఎర్రనేల | ఏప్రిల్ 6, రాత్రి 8:30

ములుగులో ఉంది, సిద్దిపేట జిల్లా ములుగు. దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నా మట్టి, కొమ్మ పట్టుకెళ్ళి అడగొచ్చు. కానీ ఈ కేసుకి అంత దూరం వెళ్ళక్కర్లేదనిపిస్తోంది.

అమ్మా, మీ జవాబే సగం నిర్ధారణ. వేరుకుళ్ళు తెగులైతే సాధారణంగా నీళ్ళు నిలిచే పల్లం చోట మొదలై పక్క మొక్కకి పాకుతుంది. మీకు ఒకటి విడిచి ఒకటి పోయాయి, ఒక్కోటీ ఒక్కో రకంగా. ఇది మూడు వేర్వేరు కారణాల పనై ఉండాలి. రేపు పొద్దున్నే మూడు పరీక్షలు చేయండి. ఖర్చేమీ లేదు.

1వ దానికి: తెల్ల కాగితం కొమ్మ కింద పట్టి గట్టిగా దులపండి. పడిన దుమ్ములో చుక్కలు కదులుతున్నాయేమో నిమిషం సేపు చూడండి. కదిలితే వేలితో రుద్దండి. ఎర్రగానో పచ్చగానో చార పడితే ఎర్రనల్లి.

3వ దానికి: కొమ్మ బెరడు గోటితో గీకండి. కింద ఆకుపచ్చ తడి ఉంటే ప్రాణం ఉన్నట్టు. చివర నుంచి కాండం వైపు గీకుతూ రండి, పచ్చ ఎక్కడ మొదలైందో చూడండి. తర్వాత మొదట్లో జానెడు లోతు మట్టి తీసి వేరు వాసన చూడండి. కుళ్ళు వాసన వస్తే చెప్పండి. మట్టి పైన తెల్లటి పొర ఉందా అన్నది మరీ ముఖ్యం. వంటింటి కిటికీ కింద అన్నారు కదా, ఆ గోడలోంచి ఏ పైపైనా బయటికొస్తోందా?

5వ దానికి పరీక్ష అక్కర్లేదు.

---

గుంటూరు_మిర్చి | ఏప్రిల్ 6, రాత్రి 9:05

సార్, మోనో సంగతి ఒప్పుకుంటా. కానీ నల్లే అయితే ఇమిడాక్లోప్రిడ్ కొడితే పోదా? ఇంట్లో డబ్బా ఉన్నవాళ్ళు ఎక్కువ కదా.

---

ఎర్రనేల | ఏప్రిల్ 6, రాత్రి 9:20

పోదు, పైగా ఎక్కువవచ్చు. నల్లి పురుగు కాదు, ఎనిమిది కాళ్ళ జీవి, సాలీడు వర్గం. ఇమిడాక్లోప్రిడ్ దాన్ని చంపదు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు కొడితే నల్లిని తినే మిత్రజీవులు ముందు పోతాయి. మిరపలో ఈ అనుభవం మీకు కొత్త కాదనుకుంటా.

---

గుంటూరు_మిర్చి | ఏప్రిల్ 6, రాత్రి 9:24

అదైతే నిజమే సార్ 😄

---

ఇంటిముందు_పచ్చన | ఏప్రిల్ 7, ఉదయం 9:45

సార్, కాగితం మీద చుక్కలు నడిచాయి! మా బాబు భూతద్దం తెచ్చి చూసి ఎగిరి గంతేశాడు. రుద్దితే ఎర్ర చార పడింది. 2వ మొక్క మీద కూడా కొన్ని ఉన్నాయి, తక్కువే.

3వది: కొమ్మల చివర బెరడు కింద గోధుమ రంగే. కాండానికి రెండు జానల దూరంలో పచ్చ మొదలైంది. పై కొమ్మల్లో మాత్రం కాండం దాకా ఎండే ఉంది. కుళ్ళు వాసన లేదు. మట్టి పైన తెల్లటి పొర ఉంది, సున్నం చల్లారేమో అనుకున్నాను. పైపు కూడా ఉంది. వంటింట్లో ఆర్వో బిగించినప్పుడు, వదిలేసే నీళ్ళు వృథా కాకుండా ఉంటాయని ప్లంబర్ దాన్ని గోడలోంచి తీసి పాదులోకి వదిలాడు. అది సరిగ్గా 3వ మొక్క మొదట్లో పడుతుంది.

మట్టి తీస్తుంటే ఇంకోటి తెలిసింది. మొక్క చుట్టూ మా ఎర్రమట్టి తడిగా ఉంది, మధ్యలో నర్సరీ నల్లమట్టి ముద్ద మాత్రం ఇటుకలా గట్టిగా ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ కవరు పేలికలు ఇంకా ఉన్నాయి. వేర్లు ఆ ముద్ద చుట్టూనే తిరిగాయి.

---

కడియం_కుర్రోడు | ఏప్రిల్ 7, ఉదయం 11:10

మేడం గారండి, నేను కడియపులంకలో నర్సరీ వాడినండి. ఆ నల్లమట్టి ముద్ద మా గోదావరి వైపు నుంచి వచ్చిందే అయ్యుంటదండి. లారీలో వందల కిలోమీటర్లు వెళ్ళాలి కదండీ, ఇసక మట్టి అయితే దారిలోనే రాలిపోద్ది, వేరు బయటపడిపోద్ది. అందుకే జిగురు మట్టిలో కడతామండి. మా దగ్గర గాల్లో తేమ ఉంటది, షేడ్‌నెట్ ఉంటది, బానే ఉంటాయండి. మీ ఎర్రనేలలో దింపి పైపైన నీళ్ళు పోస్తే ఆ ముద్ద ఒకసారి ఎండిందంటే మళ్ళీ నీళ్ళు పట్టదండి. నీళ్ళన్నీ పక్కనించి జారిపోతాయి. పాదు తడిగా కనపడద్ది, మొక్క మాత్రం దాహంతో ఉంటది.

నాటేటప్పుడు కవరు పూర్తిగా తీసేసి, ముద్దని బక్కెట్లో కాసేపు నానబెట్టి, అంచు వేర్లు చేత్తో కాస్త విప్పి పెట్టాలండి. కొన్నవాళ్ళకి మేం చెప్తామండి. మధ్యలో నాటే కూలీలు కవరు కోసేసి అలాగే దింపేస్తారు, ఏం చేస్తామండీ.

ఇప్పుడు మాత్రం పీకి సరిచెయ్యొద్దండి. ఈ ఎండల్లో తూజాని కదిపితే బతకదు. సన్న ఇనప చువ్వతో ముద్దలోకి నాలుగైదు చోట్ల నిలువుగా బెజ్జాలు చెయ్యండి. మూతకి చిల్లి పెట్టిన రెండు లీటర్ల సీసా తలకిందులుగా గుచ్చి వదిలెయ్యండి. చుక్కచుక్కగా దిగుతాయండి. కవరు పేలికలు చేతికందినంత వరకూ లాగేయండి.

---

జీవామృతం108 | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:30

ఆర్వో నీళ్ళతో ఏమవుతుందండీ? మేం అయిదేళ్ళుగా తులసికి, మల్లెకి అవే పోస్తున్నాం. నిక్షేపంగా ఉన్నాయి. అనవసరంగా జనాన్ని భయపెట్టకండి. బయట పారబోస్తే నీళ్ళు వృథా.

---

ఎర్రనేల | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:15

మీ దగ్గర ఏమీ కాకపోవడానికి కారణాలుంటాయి. మీకు వచ్చేది కృష్ణా నీళ్ళో గోదావరి నీళ్ళో అయితే అసలు ఉప్పే తక్కువ, ఆర్వో వదిలేసేవీ అంత చెడ్డవి కావు. బోరు నీళ్ళ సంగతి వేరు. ఆర్వో ఉప్పుని మాయం చేయదు, తాగే నీళ్ళలోంచి తీసి వదిలేసే నీళ్ళలోకి నెడుతుంది. బోరు నీళ్ళ టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 900 ఉండి, పది లీటర్లలో మూడు తాగడానికి, ఏడు బయటికి వెళ్తే ఆ ఏడు లీటర్లలో టీడీఎస్ 1,200 దాటుతుంది. తాగునీటికి భారత ప్రమాణం 500, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా అనుమతి. కాబట్టి అది విషమేమీ కాదు. అప్పుడప్పుడు పోస్తే, వాన కడిగేస్తే మొక్కకి నష్టం ఉండదు.

ఇక్కడ జరిగింది వేరు. రోజూ, ఒకే మొదట్లో, సజ్జ కింద వాన పడనిచోట. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. ఆ తెల్ల పొర చౌడు. వేరు నీళ్ళు లాగలేకపోతుంది, ఆకు చివరి నుంచి మాడుతూ వస్తుంది. చివర్ల నుంచి, చుట్టూరా, ఎండ ముదిరేకొద్దీ అన్న లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి.

అమ్మా, వీలైతే టీడీఎస్ పెన్ను తెప్పించి రెండు నీళ్ళూ కొలవండి. కొన్ని వందల్లో వస్తుంది.

---

ఉక్కునగరం | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 3:40

ఉప్పు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మేం విశాఖలో సముద్రానికి దగ్గర. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చివెళ్ళాక పడిపోని చెట్లు కూడా మాడ్చినట్టు అయిపోయాయి. ఉప్పుగాలి వైపు ఆకంతా గోధుమ రంగు. మా కాలనీలో చాలామంది చచ్చాయనుకుని నరికించేశారు. నరకనివి తర్వాత చిగురేశాయి. మీరూ తొందరపడి పీకేయకండి.

---

ఎర్రనేల | ఏప్రిల్ 7, సాయంత్రం 4:05

మంచి మాట, కానీ ఒక్క సవరణ. వేప, బాదం, రావి మోడు నుంచి కూడా చిగురిస్తాయి. తూజా అలా కాదు. ఆకు పూర్తిగా పోయిన పాత చెక్క నుంచి అది మళ్ళీ చిగురు వేయదు. గీకితే పచ్చ ఉన్నా ఆకు లేని కొమ్మ అలాగే బోడిగా ఉండిపోవచ్చు. అందుకే దీని విషయంలో కత్తిరింపు చాలా జాగ్రత్తగా చేయాలి. పూర్తిగా ఎండిన కొస మాత్రమే తీయాలి, పచ్చ ఆకు దాటి లోపలికి వెళ్ళకూడదు.

---

ఇంటిముందు_పచ్చన | ఏప్రిల్ 9, ఉదయం 7:50

పెన్ను వచ్చింది. బోరు 940. ఆర్వో పైపు 1,310. మునిసిపల్ నీళ్ళు వారానికి రెండుసార్లు వస్తాయి, అవి 300 లోపే.

సార్, ఇప్పుడు ఏది ముందు చేయాలో వరసగా చెప్పండి. మా ఆయన ఇంకా టైల్స్ మాటే అంటున్నారు. నెల గడువు అడిగాను.

---

ఎర్రనేల | ఏప్రిల్ 9, ఉదయం 9:30

ముందు ఆ పైపు. ఇవాళే దాన్ని పాదులోంచి తీసి బక్కెట్లోకి పెట్టండి. ఆ నీళ్ళు వాకిలి కడగడానికో బాత్రూముకో వాడుకోండి.

3వ మొక్క: కడియం బాబు చెప్పిన బెజ్జాలు మొదట. ముద్దలోకి నీళ్ళు దిగకుండా పైన ఎన్ని పోసినా ఉప్పు కడుక్కుపోదు. పైనున్న తెల్ల పొర చెంచాతో గీకి ఎత్తి అవతల పారేయండి. తర్వాత మునిసిపల్ నీళ్ళు వచ్చిన రోజున పైపు సన్నగా పెట్టి గంటసేపు వదలండి. ఉప్పు వేరు కిందికి దిగిపోవాలి. మధ్యలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఇలా నాలుగు సార్లు. చాలామంది జిప్సం వేయమంటారు. సోడియం ఎక్కువున్న చౌడుకే అది పనిచేస్తుంది, మట్టి పరీక్ష లేకుండా వేయకండి. ఎరువు ఏదీ వద్దు. యూరియా, డీఏపీ అసలే వద్దు, అవీ మట్టిలో ఉప్పు పెంచేవే. పై కొమ్మలు దక్కవు. కింది భాగం దక్కుతుందేమో చూద్దాం.

1, 2 మొక్కలు: పైపు ఒత్తిడిగా పెట్టి ఆకు అడుగు నుంచి పైకి కొట్టండి. తెల్లవారే సరికి కొట్టాలి, ఎండెక్కేలోగా ఆకు ఆరాలి. రోజు విడిచి రోజు, వారం పాటు. నల్లి సగానికి పైగా దీంతోనే పోతుంది. ఎదురింటి దుమ్ము వచ్చినన్నాళ్ళూ వారానికోసారి ఇలా కడగాల్సిందే. దుమ్ము, పొడి వేడి ఉన్నచోట నల్లికి పండగ. మళ్ళీ కాగితం పరీక్ష చేయండి. అప్పటికీ గుంపులుగా కనిపిస్తే ప్రోపర్‌గైట్ 57 శాతం ద్రావణం లీటరుకి 2 మి.లీ. చొప్పున సాయంత్రం పూట ఒక్కసారి. కిటికీలు మూసి, ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని కొట్టండి. పిల్లల్ని ఆ రోజు అటు పోనివ్వకండి. నీటిలో కరిగే గంధకం కూడా నల్లికి మంచిదే, లీటరుకి 3 గ్రాములు. కానీ 40 డిగ్రీల ఎండలో గంధకం కొడితే ఆకు మాడుతుంది, ఇప్పుడు వద్దు.

5వ మొక్క: నీళ్ళ వల్ల బాగుపడేది కాదు, గాలి దారి మళ్ళించాలి.

---

పాలమూరోడు | ఏప్రిల్ 9, ఉదయం 10:15

ఏసీకి సుతం పని చిన్నదే మేడం. మెకానిక్‌కి చెప్తే ముంగట జాలీకి రేకు బిగిస్తడు, గాలి మీదికి ఎక్కుతది. కాని మొత్తం మూయొద్దు, ఏసీ గరమైతది, కరెంటు బిల్లు వెరుగుతది. కనీసం మూడు ఫీట్లు ఖాళీ ఉండాలె. వానలు వడ్డంక గా చెట్టు తీసి ఇంకో జాగల పెట్టుకోండి, లేకపోతె ఏసీ డబ్బనే మిద్దె మీదికి ఎక్కియ్యండి.

ఇంగ ఏసీల నుంచి కారే నీళ్ళున్నయి చూడుండ్రి, గవి ఉప్పు లేని నీళ్ళు. టీడీఎస్ పెన్ను పెట్టి చూడుండ్రి, నవ్వొస్తది. గవి తీస్కవోయి మూడో చెట్టుకి వొయ్యండి.

---

ఇంటిముందు_పచ్చన | ఏప్రిల్ 9, ఉదయం 10:50

ఏసీ నీళ్ళు 24!! అవి ఇన్నాళ్ళూ కాలవలోకి పోతున్నాయి, ఆర్వో నీళ్ళు మొక్కకి పోతున్నాయి 🙏

---

కడియం_కుర్రోడు | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 12:05

రోజూ పైపైన చిలకరించడం మానెయ్యండి మేడం గారూ. అలా అయితే వేరు పైకే వస్తదండి, గోడ వేడికి అదే ముందు మాడద్ది. వారానికి రెండు సార్లు లోతుగా తడపండి. చువ్వ గుచ్చి చూడండి, అడుగు లోతు వరకూ సులువుగా దిగితే తడి చాలినట్టు. కొబ్బరి పీచో ఎండుటాకులో మూడంగుళాలు కప్పండి, కాండానికి మాత్రం ఆనకూడదండి, నాలుగు వేళ్ళు ఖాళీ వదలాలి.

---

మొదటిసారి_తోట | ఏప్రిల్ 9, సాయంత్రం 5:30

ఇంత కష్టం దేనికండీ? తూజాలన్నీ తీసేసి కోనోకార్పస్ వేసేయండి. రోడ్ల మధ్య డివైడర్లలో ఏ నీళ్ళూ లేకపోయినా పచ్చగా ఉంటాయి.

---

ఎర్రనేల | ఏప్రిల్ 9, సాయంత్రం 6:10

మూడడుగుల సందులోనా? దాని వేర్లు డ్రైనేజీ గొట్టాల్లోకి, పునాదుల వైపు వెతుక్కుంటూ పోతాయన్న ఫిర్యాదు పాతదే. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి పక్కన అది మాత్రం వద్దు.

---

వేదిక_నిర్వహణ | ఏప్రిల్ 10, ఉదయం 9:00

ఈశాన్యంలో తూజా ఉండొచ్చా అన్న ప్రశ్న, దానికొచ్చిన పన్నెండు జవాబులు వాస్తు విభాగానికి మార్చాం. ఇక్కడ మొక్క ఆరోగ్యం గురించే రాయండి.

---

ఇంటిముందు_పచ్చన | మే 12, ఉదయం 8:20

నెల గడువు అయిపోయింది కాబట్టి సంగతులు చెప్పాలి.

1, 2 తేరుకున్నాయి. మందు కొట్టలేదు. నీళ్ళ దెబ్బకే కాగితం మీద చుక్కలు ఒకటీ అరా మిగిలాయి. పాత ఆకు వెలిసినట్టే ఉంది గానీ కొసలకి కొత్త పచ్చ కనిపిస్తోంది.

5వ దానికి రేకు బిగించాక ఎండడం ఆగింది. ఎండిన పక్క అలాగే ఉంది.

3వది మాత్రం... బెజ్జాలు పెట్టాం, కడిగాం, ఏసీ నీళ్ళు పోశాం. కింద రెండడుగులు పచ్చగా నిలబడింది, కొన్నాళ్ళు ఆశపడ్డాను. ఈ వారం ఎండలకి అదీ వాడుతోంది. గీకితే కాండం మొదట్లో మాత్రమే పచ్చ ఉంది.

---

జెర్సీ_మామిడి | మే 12, సాయంత్రం 7:30

పైనంతా పోయి కింద రెండడుగులు మిగిలినా వరసలో అది ఎప్పటికీ కలవదు. తూజాకి పై మొన పోతే అందం రాదు. నేనైతే వానాకాలం దాకా ఆగి తీసేస్తా.

---

జీవామృతం108 | మే 12, రాత్రి 8:10

నాకింకా అనుమానమే, నేల బలంగా ఉంటే ఇంత అయ్యేది కాదు. అయినా మా బోరుది కొలిచాను, 410 వచ్చింది. మా తులసి ఎందుకు బాగుందో అర్థమైంది.

---

ఎర్రనేల | మే 13, ఉదయం 7:05

అమ్మా, జెర్సీ అమ్మాయి చెప్పింది సరైనదే. తొలకరి పడ్డాక తీసేయండి. అక్కడ వెంటనే మరో తూజా పెట్టకండి. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు మట్టి తీసి పారేసి కొత్త ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు పాళ్ళకి ఒక పాలు చొప్పున నింపండి. తవ్వేటప్పుడు ఇల్లు కట్టిన నాటి సిమెంటు పెళ్ళలు, కంకర తగులుతాయి, అవన్నీ ఏరేయండి. గోడ పక్క మట్టిలో సున్నం పాలు పెరిగేది వాటివల్లే.

---

ఇంటిముందు_పచ్చన | జూన్ 28, సాయంత్రం 5:15

వానలు పడ్డాక 3వ మొక్క తీయించాం. తవ్వితే తట్టెడు కంకర, సగం సిమెంటు బస్తా గడ్డకట్టింది వచ్చాయి. టైల్స్ ప్రస్తావన ఇప్పుడు లేదు, ఆయనే దగ్గరుండి మట్టి నింపించారు.

ఆ ఖాళీలో ఏం పెట్టమంటారు? ఎప్పుడూ పచ్చగా ఉండాలి, వంటింటి కిటికీకి అడ్డం రాకూడదు. మా అత్తగారు గన్నేరు అంటున్నారు, పూజకి పువ్వులొస్తాయని.

---

పాలమూరోడు | జూన్ 28, రాత్రి 7:40

గన్నేరు మొండిది, ఎండకు, ఉప్పుకు తట్టుకుంటది. కాని బాబు ఉన్నడంటిరి కదా. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. కిటికీ కింద వద్దు మేడం.

---

కడియం_కుర్రోడు | జూన్ 28, రాత్రి 8:25

ముద్ద నందివర్ధనం పెట్టండి మేడం గారూ. ఏడాదంతా పచ్చగా ఉంటది, పూజకి తెల్ల పువ్వులు, కత్తిరిస్తే గుబురుగా వస్తది, తూజాలా మొండికెయ్యదు. పాలు కారతాయి, కత్తిరించాక చేతులు కడుక్కోవాలి, బాబుని ఆకులు నమలనివ్వకండి. ఈసారి కవరు పూర్తిగా తీసి, ముద్ద నానబెట్టి, మీరే దగ్గరుండి నాటించండి.

---

నూరువరహాలు_విజయవాడ | జూన్ 29, ఉదయం 6:50

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ప్రహరీ పక్క నూరువరహాలు వరస ఉంది. కొత్త ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి, అంచులు ఇప్పుడు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి. ఇది కూడా ఉప్పేనా?

---

ఎర్రనేల | జూన్ 29, ఉదయం 7:30

ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే, అదీ కొత్త ఆకులో అయితే, ఇనుము అందడం లేదు. గోడ సున్నం వల్ల నేలలో ఉన్న ఇనుము కూడా నూరువరహాలుకి దక్కదు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీళ్ళలో కలిపి సాయంత్రం ఆకు తడిసేలా కొట్టండి, వారం తేడాతో రెండు మూడు సార్లు. గోడకీ టైల్స్‌కీ తగలనివ్వకండి, తుప్పు మరక వదలదు. మిగతాది వేరే చర్చగా పెట్టండి, ఫోటోలతో. నీళ్ళ టీడీఎస్ కూడా రాయండి.